కింగ్ జయంతికి ఏ పాట?

జనవరి మూడో సోమవారం అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. 1983లో చట్టమై, 1986 నుంచి అమలవుతోంది. ఆ రోజు కోసం రేడియోలు, చర్చిలు, బ్లూస్ క్లబ్బులు పాటల జాబితాలు కట్టుకుంటాయి. చాలావాటిలో ఒకటే వరస: కింగ్ పేరు వినబడే పాట ఒకటి, ఆశ నిండినవి నాలుగు, చివర్లో అందరూ చేతులు పట్టుకుని పాడేది ఒకటి. వినడానికి హాయిగానే ఉంటుంది. కానీ ఆయన్ని ముప్పై తొమ్మిదేళ్ళకే కాల్చి చంపారన్న సంగతి ఆ వరసలో ఎక్కడా తగలదు. బ్లూస్ కావలసింది అందుకే.

దీనికి ఎదురయ్యే పాత అభ్యంతరం ఒకటుంది. కింగ్ బాప్టిస్టు పాస్టరు, పాస్టరు కొడుకు. బ్లూస్‌ని సైతాను సంగీతమని గుమ్మం దాటనివ్వని చర్చిలు బోలెడు. చర్చికీ బ్లూస్‌కీ నడుమ ఆ గోడ ఎంత పల్చనిదో థామస్ డార్సీ బతుకు చూస్తే తెలుస్తుంది. ఆయనా జార్జియాలో పాస్టరు కొడుకే. 1920ల్లో 'జార్జియా టామ్' పేరుతో బ్లూస్ గాయని మా రెయినీ పక్కన పియానో వాయించాడు. 1928లో గిటారిస్టు టాంపా రెడ్‌తో చేసిన కొంటె పాట రికార్డు తెగ అమ్ముడుపోయింది. 1932లో చర్చి సభలో పాడడానికి వేరే ఊరు వెళ్ళినప్పుడు, షికాగోలో భార్య పురిట్లో పోయిందని టెలిగ్రాం వచ్చింది. బిడ్డా దక్కలేదు. ఆ దుఃఖంలో కట్టిందే 'టేక్ మై హ్యాండ్, ప్రెషస్ లార్డ్'. మాటలు ప్రార్థనవి, గొంతు విరుపు బ్లూస్‌ది.

1968 ఏప్రిల్ 4 సాయంత్రం మెంఫిస్‌లో, లొరెయిన్ మోటెల్ బాల్కనీలో నిలబడి కింగ్, కిందనున్న శాక్సొఫోన్ వాద్యకారుడు బెన్ బ్రాంచ్‌ని అడిగింది ఈ పాటే. రాత్రి సభలో దాన్ని వాయించమని, అందంగా వాయించమని. ఆ వెంటనే తూటా తగిలింది. అంత్యక్రియల్లో దాన్ని మహాలియా జాక్సన్ పాడింది. జాబితాలో ఇది ఉండి తీరాలి. దీనికి ముందు డార్సీ పాత బ్లూస్ ఒకటి వేస్తే ఇంకా మంచిది. ఆ కొంటె పాట మాత్రం వద్దులెండి, సభలో పెద్దవాళ్ళుంటారు.

గొంతు విరుపు అన్నాను కదా, అదేమిటో కర్ణాటక సంగీతం విన్న చెవికి ఇట్టే పట్టుబడుతుంది. గాయకుడు సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఎక్కడో నిలుస్తాడు. కింద వాద్యం అంతర గాంధారమే పలుకుతుంటుంది. ఆ రాపిడిలోనే ఉంది అంతా. నిషాదం దగ్గరా ఇదే పని. పియానోకి ఆ మధ్య స్వరం లేదు కాబట్టి పక్కపక్క మెట్లు రెండూ కలిపి నొక్కుతారు, లేదా ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి వేలు జారుస్తారు. ఇక కట్టుబడి: ఎక్కువగా వినబడేది పన్నెండు బార్ల (తాళం ఆవర్తనాల) చరణం, పాదానికి నాలుగు చొప్పున మూడు పాదాలు. మొదటి పాదమే రెండోసారీ వస్తుంది, మూడోది దానికి బదులు చెబుతుంది. పాదంలో సగమే గొంతుది. మిగతా సగంలో గిటారో పియానోనో వంత పాడుతుంది. చావు కబురు చెప్పే మనిషి కూడా ఇలాగే చెబుతాడు: ఒకసారి అని, తనకే నమ్మకం కుదరనట్టు మళ్ళీ అని, కాసేపాగి మిగతాది.

బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ బృందంలో పియానో వాయించే ఓటిస్ స్పాన్ సరిగ్గా ఆ పనే చేశాడు. కింగ్ పోయిన మర్నాడు, షికాగో అల్లర్లలో భవనాలు తగలబడుతుండగా, ఒక చిన్న చర్చిలో 'బ్లూస్ ఫర్ మార్టిన్ లూథర్ కింగ్', 'హోటల్ లొరెయిన్' పాడి రికార్డు చేశాడు. తీర్చిదిద్దిన నివాళి కాదది. మెంఫిస్‌లో ఏం జరిగిందో చెబుతాడు, అంతే. ఏళ్ళ తర్వాత తాపీగా రాసిన పొగడ్తపాటలకు లేని బలం దానికి అక్కణ్ణుంచే వచ్చింది. ఏప్రిల్ 7న నీనా సిమోన్ వేదిక మీద పాడిన 'వై?' కూడా ఆ వారంలో పుట్టిందే. బ్లూస్ చట్రంలో ఇమడదు గానీ దాన్ని వదలడానికి నాకు మనసొప్పదు.

కింగ్ పేరే లేని పాటల్లో నా ఓటు జె.బి. లెనోర్‌కి. ఆయనా కింగ్ లాగే 1929లో పుట్టాడు, మిసిసిపీలో. 1965లో షికాగోలో రికార్డు చేసిన 'అలబామా బ్లూస్'లో సన్నటి గొంతుతో, ఉత్త గిటారు మీద, పోలీసుల హింస గురించి సూటిగా పాడాడు. ఆ ఆల్బం అప్పట్లో యూరప్‌లో విడుదలైంది, సొంత దేశంలో కాదు. 1967లో, కింగ్ కంటే ఏడాది ముందే పోయాడు. జయంతి సభలో ఈ పాట కాస్త ఇబ్బంది పెడుతుంది. పెట్టనివ్వండి.

పాప్స్ స్టేపుల్స్ సంగతి వేరు. మిసిసిపీలో డాకరీ పత్తి తోటల దగ్గర బ్లూస్ గాయకుడు చార్లీ పాటన్ వాయించడం వింటూ గిటారు నేర్చుకుని, అవే వేళ్ళతో పిల్లల్ని వెంటబెట్టుకుని చర్చి పాటలు వాయించాడు. ఆ గిటారు నాదం నీళ్ళలో నీడలా వణుకుతుంది. మాంట్‌గోమరీలో కింగ్ ప్రసంగం విన్నాక, ఆయన చెప్పేది మనం పాడగలమని పిల్లలతో అన్నాడట. 1965లో ఓటు హక్కు కోసం సాగిన సెల్మా పాదయాత్ర మీద కట్టిన 'ఫ్రీడమ్ హైవే'ని షికాగోలోని ఒక చర్చిలో జనం మధ్యే రికార్డు చేశారు. చప్పట్లూ కేకలూ పాటలో భాగమే. లిటిల్ రాక్‌లో తెల్లవాళ్ళ బడికి వెళ్ళనివ్వని తొమ్మండుగురు నల్లజాతి పిల్లల గురించి కట్టిన 'వై యామ్ ఐ ట్రీటెడ్ సో బ్యాడ్' అంటే కింగ్‌కి ప్రాణం, ఎదురుపడితే దాన్ని పాడమనేవాడు. ఆయనకు నచ్చిన పాట దొరుకుతుండగా ఆయన్ని పొగిడే పాట కోసం వెతకడమెందుకు?

'వి షల్ ఓవర్‌కమ్' ఎలాగూ ఉంటుంది, ఉండాలి కూడా. 1945లో చార్ల్స్‌టన్ పొగాకు ఫ్యాక్టరీ సమ్మెలో నల్లజాతి స్త్రీలు పాడారు. వాళ్ళ ద్వారా ఉద్యమకారులకు శిక్షణనిచ్చే హైలాండర్ బడికి చేరింది. 1957లో అక్కడ జానపద గాయకుడు పీట్ సీగర్ పాడగా కింగ్ విన్నాడు. దాన్ని ఏ పేరున్న గాయకుడికీ అప్పగించకండి, సాగదీసి సంగతులు వేస్తాడు. అది కచేరీ పాట కాదు, గుంపు పాట. సమ్మెలో పాడినంత నిదానంగా ఎత్తుకుని, జనం అందుకోగానే వేదిక మీదివాళ్ళు మైకు వదిలి కిందికి దిగిపోవాలి.