పేరు లేని ఆటగాడిని చూసే పద్ధతి

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో జూన్ 30 చాలామంది ఆటగాళ్లకు గుండెలో దడ పుట్టించే తేదీ. కాంట్రాక్టులు ఆ రోజుతో ముగుస్తాయి. పొడిగింపు దొరకనివాడు జులై 1న నిద్ర లేచేసరికి ఏ క్లబ్బుకూ చెందడు. లీగ్ మళ్లీ మొదలయ్యేది ఆగస్టులో. మధ్యలో దొరికే ఆ కొద్ది వారాల్లో కింది డివిజన్ల క్లబ్బులు చుట్టుపక్కల ఊళ్ల జట్లతో ఫ్రెండ్లీ మ్యాచులు పెట్టుకుంటాయి. ఇలా ఖాళీగా ఉన్న ఆటగాళ్లను పిలిచి, ఆడించి చూస్తాయి. టీమ్‌షీట్‌లో అందరికీ పేర్లుంటాయి, ఇతని దగ్గర మాత్రం ‘ట్రయలిస్ట్’ అని ఉంటుంది. ఇద్దరుంటే ట్రయలిస్ట్ ఎ, ట్రయలిస్ట్ బి. మన టీవీల్లో శనివారం సాయంత్రాలు కనిపించే ప్రీమియర్ లీగ్ హంగుకు ఈ మ్యాచులు చాలా దూరం. మైదానం చుట్టూ ఇనుప కమ్మీ, దాని మీద మోచేతులు ఆనించి కొన్ని వందల మంది అభిమానులు. వాళ్ల కళ్లన్నీ ఆ పేరు లేని ఆటగాడి మీదే. హాఫ్ టైమ్ టీ తాగేలోపే ‘వీణ్ని వదులుకోకూడదు’, ‘వీడు మనకు పనికిరాడు’ అనే మాటలు పుట్టేస్తాయి.

ఆ మాటలు అనే హక్కు అభిమానికి ఉంది. నేను వాటిని తేలిగ్గా తీసుకోవడం లేదు. ఏళ్ల తరబడి ఒకే జట్టును ఒకే మైదానంలో చూసిన కంటికి ఒక తూకం అబ్బుతుంది. ఆ తూకం మీద గౌరవంతోనే ఒక మాట చెప్పాలనుకుంటున్నాను. ఫ్రెండ్లీ మ్యాచ్ కొన్ని ప్రశ్నలకే జవాబిస్తుంది. అవి ఏ ప్రశ్నలో తెలుసుకుని, జవాబు దొరికినంత మేరకే మాట్లాడడం ఒక విద్య. పాట వినడం, చిత్రం చూడడం ఎలా నేర్చుకోవాలో దీన్నీ అలాగే నేర్చుకోవాలి. నేర్చుకోకపోతే గోల్ కొట్టినవాడల్లా మొనగాడు, కాలు జారినవాడల్లా చేతకానివాడు అయిపోతాడు.

అసలు ఈ మ్యాచ్ ఎలాంటిదో ముందు చూద్దాం. లీగ్ మ్యాచులో ఎంతమందిని మార్చవచ్చన్నదానికి కట్టుబాటు ఉంటుంది. ఫ్రెండ్లీలో రెండు జట్లూ ఒప్పుకుంటే ఎంతమందినైనా మార్చుకోవచ్చు. అందుకే హాఫ్ టైమ్‌కో, అరవయ్యో నిమిషానికో జట్టుకు జట్టే మారిపోవడం మామూలు. ఆ రోజు మేనేజర్‌కు గెలుపుకంటే సెలవుల నుంచి వచ్చిన కాళ్లకు దమ్ము పట్టించడం ముఖ్యం. ప్రత్యర్థి ఒక వారం రెండు మెట్లు కింద ఉన్న ఊరి జట్టు, మరో వారం పెద్ద క్లబ్బు పంపిన కుర్రాళ్లు. ట్రయలిస్ట్ అయితే పక్కన ఆడేవాళ్ల పేర్లు కూడా ఆ వారమే విని ఉంటాడు. లెఫ్ట్ బ్యాక్‌గా దిగినవాడు ముందుకు పరుగెత్తితే వెనక ఖాళీని మిడ్‌ఫీల్డర్ పూడుస్తాడో లేదో అతనికి తెలియదు. పరుగెత్తకపోతే పిరికివాడంటారు. పరుగెత్తాక ఆ ఖాళీలోంచి గోల్ పడితే తెలివి లేదంటారు. ఆ పొరపాటులో అతని వాటా ఎంతో, పక్కవాడి వాటా ఎంతో కమ్మీ దగ్గర నిలబడి విడదీయడం సాధ్యం కాదు. ఇలాంటి మ్యాచుల్లో అందరూ ముందుగా చూసేది స్కోరు. అన్నిటికంటే బలహీనమైన సాక్ష్యమూ అదే.

దీనికి 2002 నాటి వింబుల్డన్ కంటే మంచి ఉదాహరణ లేదు. ఆ ఏడాది మే 28న పాత వింబుల్డన్ క్లబ్బు లండన్ వదిలి మిల్టన్ కీన్స్‌కు తరలిపోవడానికి ముగ్గురు సభ్యుల కమిషన్ అనుమతి ఇచ్చింది. తమ క్లబ్బు తమ ఊరు దాటిపోతుంటే చూస్తూ ఊరుకోలేని అభిమానులు రోజుల్లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అనే సొంత క్లబ్బు పెట్టుకున్నారు. క్లబ్బయితే పుట్టింది కానీ ఆటగాళ్లు లేరు. జూన్ నెలాఖరులో వింబుల్డన్ కామన్ అనే ఊరుమ్మడి బయల్లో, ఏ క్లబ్బులోనూ లేనివాళ్లు ఎవరైనా రావచ్చంటూ ట్రయల్స్ పెడితే 230 మంది వచ్చారు. జులై 10న సటన్ యునైటెడ్ మైదానంలో మొదటి ఫ్రెండ్లీ. చూడడానికి 4,657 మంది వెళ్లారు. కొత్త జట్టు 4-0తో ఓడిపోయింది. ఆ సీజన్‌లోనే అది తన లీగ్‌లో మూడో స్థానంలో నిలిచింది. మరుసటి సీజన్‌లో 46 లీగ్ మ్యాచులాడి 42 గెలిచింది, 4 డ్రా చేసుకుంది, ఒక్కటీ ఓడలేదు. 2011లో ప్లేఆఫ్ ఫైనల్లో లూటన్ టౌన్‌ను పెనాల్టీల్లో ఓడించి ఫుట్‌బాల్ లీగ్‌లో అడుగుపెట్టింది. సటన్‌లో ఆడినవాళ్లంతా అంత దూరం నడవలేదు. జట్టు మారుతూ వచ్చింది. కాబట్టి ఆనాటి ట్రయలిస్టులందరూ గొప్పవాళ్లని ఈ చరిత్ర రుజువు చేయదు. రుజువయ్యేది ఇంతే: 4-0 అనే అంకెను చూసి ఆ రోజు ఎవరు జోస్యం చెప్పినా అది తప్పయ్యేది.

మరి దేన్ని చూడాలి? బంతి దగ్గర లేనప్పుడు ఆటగాడిని చూడాలి. తొంభై నిమిషాల్లో ఏ ఒక్కరి కాళ్ల దగ్గరైనా బంతి ఉండేది రెండు మూడు నిమిషాలే, మిగతా ఆటంతా బంతి లేకుండానే సాగుతుంది. ఒక మిడ్‌ఫీల్డర్‌ను తీసుకోండి. సెంటర్ బ్యాక్ అతనికి పాస్ ఇచ్చాడు. బంతి ఇంకా పది గజాల దూరంలో ఉంది. ఈలోపు అతను ఒకసారి కుడి భుజం మీదుగా, ఒకసారి ఎడమ భుజం మీదుగా వెనక్కి చూశాడా? చూసినవాడు ఒళ్లు పక్కకు తిప్పి, దూరంగా ఉన్న కాలితో బంతిని అందుకుని, ఆ ఊపులోనే ముందుకు తిరిగిపోతాడు. చూడనివాడు దగ్గరి కాలితో ఆపుతాడు, తర్వాత తల ఎత్తుతాడు, మీదికొచ్చిన ప్రత్యర్థిని అప్పుడు గమనించి బంతిని వచ్చిన చోటికే పంపేస్తాడు. ఈ తేడాకు పక్కవాడి పరిచయంతో పనిలేదు. ఇది చిన్నప్పటి నుంచి ఒంటికి పట్టిన అలవాటు, ఫ్రెండ్లీలో అయినా దాగదు. అలాగే బంతి పోగొట్టుకున్న తర్వాతి ఐదు సెకన్లు. చేతులు చాచి రిఫరీ వంక చూస్తున్నాడా, వెంటనే వెనక్కి తిరిగి దారి మూస్తున్నాడా? ఇక నోరు. జనం పలచగా ఉన్న మైదానంలో, లీగ్ మ్యాచ్ హోరులో వినపడని మాటలు కమ్మీ దాకా వినిపిస్తాయి. పేర్లు సరిగా తెలియకపోయినా ‘ఎడమ పక్క’, ‘వెనక మనిషి’ అని అరిచి చెప్పే డిఫెండర్ తన పని ఏమిటో తెలిసినవాడు.

ఈ చూపు మనకు కొత్తేమీ కాదు. హైదరాబాద్ ఫుట్‌బాల్‌ను తీర్చిదిద్దిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం డ్రిబ్లింగ్ లేకుండా ఆడే టోర్నమెంట్లు పెట్టించారు. కళ్లు తిప్పుకోనివ్వని విన్యాసాన్ని పక్కన పెట్టేస్తే ఆటగాడు ఏం ఆలోచిస్తున్నాడో, ఎంత త్వరగా ఆలోచిస్తున్నాడో బయటపడుతుంది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. మైదానంలో ఆయన కల్పించిన ఆ నిబంధనను ఫ్రెండ్లీ చూసే అభిమాని తన కళ్లకు తానే పెట్టుకోవచ్చు.

ఇంత నాసిరకం పరీక్షయితే అసలు పెట్టడం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. 1996లో సౌతాంప్టన్‌లో జరిగింది గుర్తు చేసుకుంటే జవాబు దొరుకుతుంది. ప్రపంచ ప్రఖ్యాత ఆటగాడు జార్జ్ వేయాను మాట్లాడుతున్నానంటూ ఎవరో ఫోన్ చేసి, అలీ డియా అనే సెనెగల్ ఆటగాణ్ని సిఫారసు చేశారు. క్లబ్బు అతనికి స్వల్పకాలపు కాంట్రాక్టు ఇచ్చింది. ఆర్సెనల్ రిజర్వ్ జట్టు మీద ఆడించి చూద్దామనుకుంటే, మైదానంలో నీళ్లు నిలిచి ఆ మ్యాచ్ రద్దయింది. నవంబర్ 23న లీడ్స్‌తో ప్రీమియర్ లీగ్ మ్యాచులో మాట్ లె టిసియే గాయపడితే డియాను దించారు. తర్వాత సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన అతన్నే మళ్లీ మార్చాల్సి వచ్చింది. ఆ స్థాయి ఆట అతనిది కాదని చూసేవాళ్లకు తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. రద్దయిన ఆ చిన్న మ్యాచ్ జరిగి ఉంటే అదే సంగతి అక్కడే తేలేది. అంటే ఫ్రెండ్లీ ‘కాదు’ అని గట్టిగా చెప్పగలదు, ‘ఔను’ అని మాత్రం అంత గట్టిగా చెప్పలేదు. లేని నైపుణ్యాన్ని అరగంటలో పసిగట్టవచ్చు. ఉన్న నైపుణ్యం నవంబర్ చలిలో, బురదలో, మూడు వరస ఓటముల తర్వాత కూడా నిలుస్తుందా అన్నది జులై ఎండలో తెలియదు.

అనుభవం ఉన్న కన్ను ఒక్క ఫ్రెండ్లీలోనే రత్నాన్ని పట్టేస్తుందని కొందరంటారు. 2003 ఆగస్టులో లిస్బన్‌లో స్పోర్టింగ్ జట్టు మాంచెస్టర్ యునైటెడ్‌ను 3-1తో ఓడించిన ఫ్రెండ్లీని చూపిస్తారు. కుర్రవాడు క్రిస్టియానో రొనాల్డో ఆ రాత్రి ఆడిన ఆటకు యునైటెడ్ ఆటగాళ్లే ముగ్ధులయ్యారు, రోజుల్లోనే క్లబ్బు అతన్ని కొనుక్కుంది. అయితే అతని మీద యునైటెడ్ కన్ను అంతకు ముందే ఉంది. అప్పటికే ఉన్న అంచనాను ఆ మ్యాచ్ బలపరిచింది. నాకు ఇంతకంటే ఆంటోయిన్ గ్రీజ్‌మన్ ఉదంతం విలువైనదిగా తోస్తుంది. పొట్టిగా ఉన్నాడని ఫ్రాన్స్ క్లబ్బులు ఒకదాని తర్వాత ఒకటి కాదన్నాయి. 2005లో మాంట్‌పెలియే తరఫున ట్రయల్ మీద పారిస్‌లో ఆడుతుండగా స్పెయిన్ క్లబ్బు రియల్ సోసియెదాద్ స్కౌట్ అతన్ని చూశాడు. ఆ కుర్రవాడే 2018లో ప్రపంచ కప్ గెలిచిన ఫ్రాన్స్ జట్టులో ఉన్నాడు. కాదన్నవాళ్లూ అనుభవజ్ఞులే. వాళ్లు ఎత్తును కొలిచారు, స్కౌట్ ఆటను చూశాడు. ఆ స్కౌట్ కూడా ఒక్క మ్యాచుతో జీవితకాలపు తీర్పు ఇవ్వలేదు. మరికొంత కాలం చూడాలన్న కోరిక అతనికి ఆ మ్యాచులో కలిగింది. ఫ్రెండ్లీ ఇవ్వగల గొప్ప ‘ఔను’ అదే.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. క్లబ్బుల దగ్గర పరుగు కొలిచే పరికరాలున్నాయి, వీడియోలున్నాయి, వైద్య పరీక్షలున్నాయి. వారమంతా శిక్షణలో చూసిన కోచ్ ఉన్నాడు. కమ్మీ దగ్గర నిలబడ్డవాడి మాటకు విలువేముంది? నిజమే, అభిమానికి తెలియనిది చాలా ఉంది. మోకాలి పాత గాయం, అడిగిన జీతం, శిక్షణలో ప్రవర్తన ఇవేవీ అతనికి కనపడవు. అయినా ఎగ్జెటర్ సిటీ 2003 నుంచి అభిమానుల ట్రస్టు చేతిలో ఉంది, వింబుల్డన్ కథ ముందే చెప్పాను. అలాంటి చోట్ల అభిమాని అభిప్రాయం క్లబ్బు యజమాని అభిప్రాయమే. మామూలు క్లబ్బుల్లో కూడా, ఎడమ పక్క మూడు సీజన్లుగా ఎందుకు కూలిపోతోందో మొన్న వచ్చిన మేనేజర్ కంటే పాతికేళ్లుగా చూస్తున్నవాడికి బాగా తెలుస్తుంది. ‘ఇతను మంచి ఆటగాడా’ అన్నదానికి కాకపోయినా, ‘మనకు లేనిది ఇతని దగ్గర ఉందా’ అన్నదానికి జవాబిచ్చే అర్హత అతనిది.

ఇదంతా సరదా కాలక్షేపం, దీనికి ఇన్ని నియమాలా అని చివరి ప్రశ్న. సరదాను నేను కాదనను. కానీ ఎదుట ఆడుతున్నవాడికి ఇది సరదా కాదు. అతనికి జీతం ఆగిపోయింది, ఇంటి అద్దె ఆగలేదు. స్కాట్లాండ్ కింది డివిజన్లలో అధికారిక మ్యాచుల్లోనూ ట్రయలిస్టును ఆడించిన సంప్రదాయం ఉంది. గోల్ కొట్టినా మర్నాటి పేపర్లో పేరు ఉండాల్సిన చోట ‘ట్రయలిస్ట్’ అనే వేస్తారు. పేరు లేనివాడి గురించి ఎవరేమన్నా చెల్లుతుందనిపిస్తుంది. అతను మాత్రం ఆ మాటలు వింటూనే ఉంటాడు, పలచటి జనంలో మాట కమ్మీ నుంచి మైదానంలోకి కూడా అంతే సులువుగా వెళుతుంది. జాగ్రత్తగా చూడడం అతని పట్ల మర్యాద, క్లబ్బు పట్ల బాధ్యత కూడా.

కాబట్టి మ్యాచ్ ముగిశాక గేటు దగ్గర ఎవరైనా ఆ లెఫ్ట్ బ్యాక్ సంగతేమిటని అడిగితే, మంచి అభిమాని జవాబు ఇలా ఉంటుంది: ‘రెండో సగంలో నలభై నిమిషాలు ఆడాడు, ఎదురుగా ఉన్నది పద్దెనిమిదేళ్ల కుర్రాడు. బంతి రాకముందే రెండు పక్కలా చూస్తున్నాడు. ఒకసారి దాటిపోయిన వింగర్ వెంట చివరిదాకా పరుగెత్తాడు. కుడి కాలు ఒక్కసారీ వాడలేదు. గాలిలో వచ్చే బంతికి ఎలా ఎగురుతాడో తేలలేదు, అలాంటి బంతి రానే లేదు. ఇంకో మ్యాచ్ చూడాలి.’