ముందురోజు రాత్రి రాసిన జవాబులు

బి.ఇడి. చదివేవాళ్లు రాసే లెసన్ ప్లాన్ రికార్డుని సాహిత్యంగా ఎవరూ చదవరు. అసలు చదవడమే తక్కువ. అట్ట బాగుందా, మార్జిన్లు ఎర్ర పెన్నుతో కొట్టారా, పాఠాల లెక్క సరిపోయిందా అని చూసి సంతకం పెట్టేస్తారు. కానీ ఓపిగ్గా కూర్చుని చదివితే అందులో పాత్రలున్నాయి, సంభాషణలున్నాయి, ఒక మొదలూ ఒక ముగింపూ ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, కల్పన ఉంది. మన దగ్గర ఏటా ఇంతమంది ఒకే మూసలో రాసే కల్పనా రచన ఇంకొకటి ఉందా అని నా అనుమానం.

ఈమధ్య ఇలాంటి రికార్డులు మూడు వరసపెట్టి చదివాను. మా బంధువుల అమ్మాయి మదనపల్లెలో ఇంటర్న్‌షిప్ చేసింది. ఆమె స్నేహితులు ఇద్దరు, ఒకబ్బాయి పుంగనూరులో, ఒకమ్మాయి కుప్పంలో చేశారు. వీళ్లని మన విద్యాశాస్త్రం పుస్తకాలు 'ఛాత్రోపాధ్యాయులు' అంటాయి. ఛాత్రుడూ ఉపాధ్యాయుడూ ఒకే మాటలో ఇరుక్కుని ఉన్నారు. పిల్లలకి ఆ ఇబ్బంది లేదు, 'ట్రైనింగ్ మేడమ్' అనేస్తారు. పర్మినెంటు మేడమ్ కాదు అనే అర్థం కూడా అందులోనే వచ్చేస్తుంది.

ముందు ఈ రచన రూపం గురించి. పేజీని నిలువు గడులుగా విడగొడతారు. లక్ష్యాలు, స్పష్టీకరణలు, బోధనాభ్యసన కృత్యాలు, నల్లబల్ల పని, మూల్యాంకనం. మొదట ఉన్ముఖీకరణ, అంటే పిల్లల్ని పాఠం వైపు తిప్పే నాలుగైదు ప్రశ్నలు. చివర పునర్విమర్శ, ఇంటిపని. ఈ మెట్లకి మూలపురుషుడు హెర్బార్ట్ (1776-1841) అనే జర్మన్ తత్వవేత్త. ఆయన చెప్పింది నాలుగు మెట్లు, శిష్యులు దాన్ని ఐదు చేశారు. దాని మీద 1956లో బ్లూమ్ బృందం చేసిన లక్ష్యాల వర్గీకరణ వచ్చి కూర్చుంది. జ్ఞానం, అవగాహన, వినియోగం అన్నీ అక్కడివే. జర్మనీలో మొదలై అమెరికా మీదుగా మదనపల్లె జిల్లా పరిషత్ హైస్కూలు దాకా వచ్చిన రూపం ఇది. రూపం పాతది కావడం నాకు అభ్యంతరం కాదు. సీసపద్యం ఇంకా పాతది.

అభ్యంతరం ఒక్క గడి దగ్గర. బోధనాభ్యసన కృత్యాలు అనేదాన్ని మళ్లీ రెండుగా చీలుస్తారు. ఎడమవైపు టీచర్ అడిగే ప్రశ్న, కుడివైపు విద్యార్థుల ప్రతిస్పందన. ఆ ప్రతిస్పందనని రాసేది టీచరే, పాఠం చెప్పడానికి ముందురోజు రాత్రి. ఇంకా మొహం కూడా చూడని నలభై మంది పిల్లలు ఏం జవాబు చెబుతారో ఆమె హాస్టల్ గదిలో కూర్చుని రాసేస్తుంది. ఆ పిల్లలు ఎప్పుడూ తప్పు చెప్పరు. ఒకరి మాటకి ఒకరు అడ్డం రారు, కిటికీలోంచి బయటికి చూడరు. అందరూ కలిసి, పాఠ్యపుస్తకం తెలుగులో, పూర్తి వాక్యంలో చెబుతారు. తెలుగులో ఇంత మంచి పిల్లల్ని ఏ బాలసాహిత్యంలోనూ చూడలేదు.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని. మా పనిలోనూ ఇలాంటి పట్టిక ఒకటి ఉంటుంది, టెస్ట్ కేస్. ప్రోగ్రాముకి ఈ ఇన్‌పుట్ ఇస్తే ఏం రావాలో ముందే ఒక గడిలో రాసుకుంటాం. పక్కన ఇంకో గడి ఖాళీగా ఉంటుంది, నిజంగా ఏం వచ్చిందో రాయడానికి. రెండూ కలవకపోతే అక్కడ పని మొదలవుతుంది. జీతం ఇచ్చేది కూడా దానికే అనుకోండి. లెసన్ ప్లాన్‌లో ఆ రెండో గడి లేదు. రావాల్సిందే వచ్చినట్టు లెక్క.

మరి నిజంగా ఏం వచ్చింది? ముగ్గుర్నీ అడిగాను. మదనపల్లెలో పాఠం కిరణజన్య సంయోగక్రియ. మొక్క ఆహారం తయారుచేసుకోవడానికి ఏమేం కావాలి అనేది ప్రశ్న. రికార్డులో జవాబు 'సూర్యరశ్మి, నీరు, కార్బన్ డయాక్సైడ్, పత్రహరితం'. క్లాసులో వెనక బెంచీ నుంచి వచ్చిన మొదటి జవాబు 'డ్రిప్పు మేడమ్'. మదనపల్లె అంటే టమాట మార్కెట్టు. చుట్టుపక్కల ఊళ్లలో టమాట పెట్టే ఇంటి పిల్లాడికి చెట్టు బతకాలంటే ముందు గుర్తొచ్చేది డ్రిప్పు పైపే. క్లాసంతా నవ్వింది, ఆమె కూడా నవ్వేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయింది. వెనకాల సూపర్‌వైజర్ కూర్చుని ఉన్నారు, ఆగడానికి టైం లేదు. ఆగి ఉంటే 'నీళ్లు డ్రిప్పులోంచి వస్తాయి, మరి తిండి?' అనే ఒక్క ప్రశ్నతో పాఠం అసలు గుట్టు బయటపడేది. మొక్కకి తిండి మనం వేసే ఎరువు అనుకోవడమే కదా ఈ పాఠంలో అందరికీ ఉండే చిక్కు.

పుంగనూరు అబ్బాయిది సోషల్. జమీందారీ వ్యవస్థ పాఠానికి బోధనాభ్యసన సామగ్రి కింద బజార్లో కొన్న చార్టు అంటించాడు. పుంగనూరు ఒకప్పుడు సంస్థానం, జమీందార్ల ప్యాలెస్ ఊళ్లోనే ఉంది. పిల్లలే ఆ మాట ఎత్తారంట. ప్లాన్‌లో మాత్రం దానికి చోటు లేదు. ఇంతకీ అతను ప్లాన్ ప్రకారం చెప్పిన పాఠాలకన్నా సెలవు పెట్టిన అయ్యవార్ల పీరియడ్లలో కూర్చున్నవే ఎక్కువ. వాటికి రికార్డు ఉండదు కాబట్టి వాటి గురించి చదవడానికి నాకేమీ దొరకలేదు.

కుప్పం దగ్గరకి వచ్చేముందు ఒక పుస్తకం గురించి చెప్పాలి. గిజుభాయి బధేకా (1885-1939) గుజరాతీలో రాసిన 'దివాస్వప్న'. తెలుగులో 'పగటి కల'గా వచ్చింది. బి.ఇడి. చదివేవాళ్లు పరీక్ష కోసం పేరు వింటారు, పుస్తకం చదివినవాళ్లు తక్కువ. లక్ష్మీరాం అనే మనిషి విద్యాధికారి దగ్గర అనుమతి తీసుకుని నాలుగో తరగతి పిల్లలతో ఒక సంవత్సరం ప్రయోగం చేస్తాడు. ఇది కథ, లక్ష్మీరాం కల్పిత పాత్ర. ఆ సంగతి పుస్తకం పేరే చెప్పేస్తుంది. కానీ మొదటి రోజు చూడండి. అతను కూడా ముందురోజు నోట్సు రాసుకుని వచ్చాడు. నిశ్శబ్దం ఆటతో మొదలెడదామని, తర్వాత ఇది, తర్వాత అది అని. పిల్లలు ఆ నిశ్శబ్దాన్ని ఎగతాళి చేసి, అరిచి, గోల చేసి ఆ ప్లాన్ మొత్తాన్ని పాడుచేశారు. అతను వాళ్లని ఇంటికి పంపించేశాడు, హెడ్మాస్టర్ చేత మాటలు పడ్డాడు. మర్నాడు నోట్సు పక్కనపెట్టి కథ మొదలుపెట్టాడు.

నాకు ఇది తిరగేసిన అద్దంలా అనిపించింది. కల్పన అని చెప్పుకుని వచ్చిన పుస్తకంలో నిజమైన పిల్లలు ఉన్నారు. వాస్తవమని సంతకం పెట్టిన రికార్డులో ఉన్నవాళ్లు కల్పిత పిల్లలు.

అలాగని 'పగటి కల'ని నెత్తిన పెట్టుకోలేను. మొదటి భాగంలో ఉన్న నిజం చివరికొచ్చేసరికి పల్చబడుతుంది. ప్రయోగాలన్నీ ఫలిస్తాయి, అధికారి సంతోషిస్తాడు, ఎదురు మాట్లాడిన మిగతా మాస్టర్లు కథలో చిన్నబోతారు. పైగా లక్ష్మీరాంకి ఏడాది టైముంది, పైనుంచి అండ ఉంది, ఇంటర్నల్ మార్కుల భయం లేదు. మా అమ్మాయి పిల్లల్ని ఇంటికి పంపించేసి ఉంటే కోర్సే ఆగిపోయేది. గిజుభాయి ఆ ప్రయోగాన్ని ఒక ఛాత్రోపాధ్యాయుడి చేత చేయించి ఉంటే ఎలా ఉండేదా అని నాకు ఆశ. తెలుగులోనూ ఆ కథ నేను చదవలేదు. బడిపంతులు పాత్రలకి కొదవలేదు. మా జిల్లాలోనే మధురాంతకం రాజారాం లాంటి వాళ్లు పంతులుద్యోగం చేస్తూ కథలు రాశారు. ఇంకా పంతులు కాని మనిషి, పిల్లల ముందు పంతులు, వెనక బెంచీలో కూర్చున్న సారు ముందు పిల్ల, ఆ రెండు చూపుల మధ్య నిలబడిన మనిషి మాత్రం కథల్లో కనపడడు.

ఇదంతా మదనపల్లె చుట్టూ జరగడంలో ఒక తమాషా ఉంది. జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరు ఇది, 1895లో. చదువు గురించి 1953లో వచ్చిన పుస్తకంలో ఆయన చెప్పింది స్థూలంగా ఇదే. పద్ధతిని పట్టుకుంటే పిల్లాడు కనపడకుండా పోతాడు, ఎంత మంచి పద్ధతైనా సరే. వినడానికి బాగుంటుంది. పొద్దున్నే ముప్పై ఐదు మంది ముందు నిలబడాల్సిన ఇరవై రెండేళ్ల అమ్మాయికి మాత్రం ఏ పద్ధతీ వద్దు అనడం ఈత రానివాడికి సముద్రం గొప్పతనం చెప్పినట్టుంటుంది. నాకు ఆయనకంటే, ఆయన పేరు మీద నడిచే రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో పనిచేసిన వాళ్లు ఎక్కువ ఉపయోగపడ్డారు. అక్కడి గ్రామీణ విద్యా కేంద్రం చిన్న చిన్న బడులు పెట్టి, ఒకే టీచరు, రకరకాల వయసు పిల్లలు అనే పరిస్థితికి తగ్గట్టు పాఠాల్ని చిన్న కార్డులుగా విడగొట్టింది. గోడ మీద నిచ్చెన బొమ్మ, ఒక్కో పిల్లాడిది ఒక్కో మెట్టు. తొంభైల్లో మైసూరు జిల్లాలో మొదలైన 'నలి-కలి', తర్వాత తమిళనాడు బడుల్లోకి వెళ్లిన కార్డుల పద్ధతి, రెండిటి వెనకా ఈ లోయలో పుట్టిన ఆలోచన ఉంది. అక్కడ 'విద్యార్థుల ప్రతిస్పందన' అని ఏకవచనంలో రాయడం కుదరదు. లక్ష్మి ఏడో కార్డు దగ్గర ఉంటే రఫీ పన్నెండో దాని దగ్గర ఉంటాడు. దీనికీ ఒక జబ్బు ఉందనుకోండి, కార్డు అయిపోగొట్టడమే పనైపోవడం. మా ఆఫీసులో టికెట్లు మూసినట్టు. అయినా ఆ లెక్క పిల్లాడు ఎక్కడున్నాడో చూశాకే రాయాలి, ముందురోజు రాత్రి రాయలేరు.

మరి కోర్సు నడిపేవాళ్లకి ఈ ఖాళీ తెలియదా అంటే, తెలుసు. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014 నిబంధనలతో బి.ఇడి. రెండేళ్లయింది. బడిలో గడపాల్సిన కాలం మొత్తం ఇరవై వారాలైంది, అందులో పదహారు రెండో ఏడు. జరిగినదాని గురించి ఆలోచించి రాసుకోవడానికి రిఫ్లెక్టివ్ జర్నల్ అని కూడా వచ్చింది. నేనడిగే రెండో గడి అదే. తీరా చదివితే మూడు జర్నళ్లలోనూ 'విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు' అనే వాక్యమే తిరిగి తిరిగి వస్తోంది. మార్కులుండే చోట ఓడిపోయానని ఎవరు రాస్తారు? ఇప్పుడు నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు వస్తోంది. 2030 కల్లా టీచరుకి అదే కనీస అర్హత కావాలని 2020 జాతీయ విద్యావిధానం అంది. మైసూరులోని రీజనల్ ఇన్‌స్టిట్యూట్ దశాబ్దాలుగా అలాంటి కోర్సు నడుపుతోంది, మన పిల్లలూ వెళ్లి చదువుతున్నారు. ఇంటర్ అయిన వెంటనే పద్దెనిమిదేళ్లకే బడి మొహం చూడటం మంచిదే. కాకపోతే ఏళ్లు పెరిగినంత మాత్రాన గడి మారదు. తప్పు జవాబుని ఉన్నదున్నట్టు రాసినందుకు మార్కు పడితే మారుతుంది.

కుప్పం రికార్డు కూడా మిగతా రెండిటి లాంటిదే. కుప్పానికి ఒక పక్క తమిళనాడు, ఇంకో పక్క కర్ణాటక. ద్రావిడ భాషల కోసం 1997లో యూనివర్సిటీ పెట్టింది కూడా ఇక్కడే. తరగతిలో ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు ఉన్నారు. ఆమె కూడా కిరణజన్య సంయోగక్రియే చెప్పింది, రికార్డులో జవాబు అదే 'సూర్యరశ్మి'. క్లాసులో కొందరు 'ఎండ' అన్నారు, ఒక పిల్ల 'వెయిలు' అంది. రెండూ సరైన జవాబులే. 'సూర్యరశ్మి' అని మాత్రం ఎవరూ అనలేదు.

ఈ సంగతి నాకు రికార్డులో దొరకలేదు, జర్నల్లో కూడా కాదు. ఆమె రఫ్ నోట్సులో దొరికింది. అట్ట లేని లాంగ్ నోట్‌బుక్, టిఫిన్ ఖర్చులు, బస్ టైములు, మధ్యలో పిల్లల మాటలు. ఒక పేజీలో చేత్తో మూడు గడులు గీసింది. పుస్తకంలో మాట, తెలుగు పిల్లలు అన్నది, తమిళం పిల్లలు అన్నది. సూర్యరశ్మి, ఎండ, వెయిలు. నీరు, నీళ్లు, తణ్ణి. మృత్తిక, మన్ను, మణ్ణు. మన్ను పక్కన మణ్ణు రాసి రెండిటినీ ఒక సున్నాలో చుట్టింది. నేను చదివిన మూడు రికార్డులు, మూడు జర్నళ్లలో పిల్లల గొంతు వినపడింది ఈ ఒక్క పేజీలోనే. చివరి వరసలో 'పత్రహరితం' అని రాసి పక్క రెండు గడులూ వదిలేసింది. పిల్లల్ని అడిగేలోపు ప్రాక్టీసు అయిపోయిందంట.