ఘాట్ ఎక్కే ఫియట్
1,089 సీసీ ఇంజను గల పాత ఫియట్ 1100ను అనంతగిరి ఘాట్ మీదుగా అరకు చేర్చడంలో కనిపించే నేర్పు, దానిని తళతళలాడేలా తుడిచి ఇంటి ముందు నిలుపుకోవడంలో కనిపించదు. చలి ఉదయాన చోక్‌ను, అంటే కార్బ్యురేటర్‌లోకి వెళ్లే గాలిని తగ్గించి పెట్రోలు పాలు పెంచే పరికరాన్ని, ఎంత లాగాలో, ఇంజను వేడెక్కే కొద్దీ ఎంత వెనక్కి నెట్టాలో చేతికి అలవాటు కావాలి. స్టీరింగు స్తంభానికే అమర్చిన గేరు కడ్డీ తొందరపెడితే మొరాయిస్తుంది. క్లచ్ పూర్తిగా తొక్కి, అర క్షణం ఆగి, మెత్తగా జరిపితే లొంగుతుంది. ఎండలో ఎత్తు ఎక్కేటప్పుడు గొట్టంలోనో పంపులోనో పెట్రోలు ఆవిరై, ఇంజనుకు ఇంధనం అందకుండా అడ్డుపడటాన్ని ‘వేపర్ లాక్’ అంటారు. అలా బండి ఆగినప్పుడు అనుభవజ్ఞుడు పానాల జోలికి పోక, బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ కప్పి, అది చల్లబడేదాకా చెట్టు నీడన కూర్చుంటాడు. రేడియేటరు మూతను మాత్రం వేడి మీద ముట్టడు. ముందు కిటికీకి ఉన్న చిన్న ముక్కోణపు అద్దాన్ని ఏటవాలుగా తిప్పితే కొండగాలి నేరుగా ముఖానికి తగులుతుంది. కొత్త కార్లలో ఈ ఏర్పాటును తీసివేయడం సమంజసంగా తోచదు. ఇంత ఓపికకు దక్కే ఫలం, మలుపు మలుపునా ఇంజను శ్రమ చెవికి, చేతికి తెలుస్తూ సాగే ప్రయాణం.