ఆదివారం తాళాలు

ఉద్యోగం మీద అమెరికా నుంచి జర్మనీ చేరిన కుటుంబాన్ని ముందుగా భాషే ఇబ్బంది పెడుతుందని అనుకుంటాం. కానీ అంతకంటే ముందు మొదటి ఆదివారం వచ్చి మీద పడుతుంది. అద్దె ఇల్లు చాలాసార్లు వంటగది గట్టు, సింకు కూడా లేకుండా చేతికొస్తుంది. కొనుక్కున్న ఫ్రిజ్ డాలస్‌లోనో అట్లాంటాలోనో వదిలొచ్చిన దానికంటే బాగా చిన్నది. వారానికి సరిపడా సామాను అందులో పట్టదు. శనివారం పాలు కొనడం మరిచిపోతే సూపర్‌మార్కెట్ తలుపు మళ్లీ సోమవారమే తెరుచుకుంటుంది. ఈలోగా రైల్వే స్టేషన్‌లోని దుకాణాలు, పెట్రోలు బంకులు, కొన్ని గంటలు తెరిచే బేకరీలే దిక్కు. మందుల షాపులైతే వంతులవారీగా తెరిచి ఉంటాయి. పోనీ పెరట్లో గడ్డి కోద్దామంటే, నివాస ప్రాంతాల్లో ఆదివారం గడ్డి కోసే యంత్రం నడపకూడదన్నది అక్కడి కేంద్ర ప్రభుత్వ నిబంధన. ఖాళీ సీసాలు వీధి చివరి పెట్టెలో వేద్దామంటే ఆ చప్పుడుకూ ఆరోజు సెలవే. 7.5 టన్నులు దాటిన లారీలు రాత్రి పదింటి దాకా రోడ్డెక్కకూడదు. పది నిమిషాల్లో కొత్తిమీర కట్ట గుమ్మంలోకి వచ్చే హైదరాబాద్‌లో కూర్చుని చూస్తే ఇదంతా చాదస్తంగానే కనిపిస్తుంది.

దీనికి తరచూ వినిపించే వివరణ ఒకటుంది: జర్మన్లు నియమాల మనుషులు, అమెరికన్లు స్వేచ్ఛాప్రియులు, అందుకే పొసగదు అని. నాకు ఇది బద్ధకపు వివరణ అనిపిస్తుంది. ఆ నియమాల మనుషులే తమ ఆటోబాన్ రహదారుల్లో ఎక్కువ భాగానికి వేగ పరిమితే పెట్టుకోలేదు. పదహారేళ్ల పిల్లవాడు అక్కడ దర్జాగా బీరు కొనుక్కుంటాడు. అమెరికాలో అందుకు ఇరవై ఒకటి నిండాలి. పైగా ఆదివారం దుకాణం మూయడం అమెరికాకు తెలియనిదేమీ కాదు. మేరీల్యాండ్‌లో ఒక పెద్ద దుకాణం ఉద్యోగులకు ఆదివారం ఫైలు, నేలకు రాసే మైనపు డబ్బా, స్టేప్లరు, ఒక ఆటబొమ్మ అమ్మినందుకు జరిమానా పడింది. 1961లో ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళితే ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ ఆ చట్టాన్ని సమర్థించారు. దాని పుట్టుక మతంలోనే అయినా, అందరికీ ఒకేసారి విశ్రాంతి ఇవ్వడం ఇప్పుడు లౌకిక ప్రయోజనమేనన్నది ఆ తీర్పు సారాంశం. ఆ తర్వాతి దశాబ్దాల్లో రాష్ట్రాలు ఒక్కొక్కటిగా ఈ చట్టాలను వదిలేశాయి. న్యూయార్క్‌కు కూతవేటు దూరంలోని బెర్గెన్ కౌంటీ మాత్రం ఇంకా వదల్లేదు. అక్కడి చాలా మాల్స్‌లో ఆదివారం నేటికీ బట్టలు, ఫర్నిచర్ అమ్మరు. అంటే జర్మనీలో దిగిన అమెరికన్ దంపతులను కంగారు పెడుతున్నది వాళ్ల తాతముత్తాతలకు బాగా తెలిసిన ఆదివారమే. ఇక్కడ ఎదురయ్యేది రెండు జాతుల స్వభావాల తేడా కాదు. ఒక దేశం మార్చుకున్నదాన్ని ఇంకో దేశం ఉంచుకుంది, అంతే.

ఉంచుకోవడం కూడా ఊరికే జరగలేదు. ఆదివారాన్ని విశ్రాంతి దినంగా కాపాడాలన్న మాటను 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో రాసుకున్నారు, 1949లో కొత్త రాజ్యాంగంలోకి యథాతథంగా తెచ్చుకున్నారు. 1956 చట్టం దుకాణాలను మామూలు రోజుల్లో సాయంత్రం ఆరున్నరకే మూయించేది. 1996లో ఆ గడువు ఎనిమిదికి జరిగింది. 2006లో ఆ అధికారం రాష్ట్రాల చేతికొచ్చాక బెర్లిన్ లాంటి చోట్ల వారం మధ్యలో రాత్రంతా తెరుచుకునే వీలు కలిగింది. పనిదినాల గేట్లు ఇలా ఒక్కొక్కటే ఎత్తేసిన దేశం ఆదివారం దగ్గర మాత్రం ఆగిపోయింది. క్రిస్మస్ ముందరి నాలుగు ఆదివారాలూ తెరుస్తామని బెర్లిన్ అంటే, చర్చిలు వేసిన కేసులో రాజ్యాంగ న్యాయస్థానం 2009లో కుదరదంది. ఆదివారం మూయాలన్న వాదనలో నన్ను ఒప్పించేది విశ్రాంతి కాదు, ఏకకాలం. తల్లికి మంగళవారం, తండ్రికి గురువారం, పిల్లలకు ఆదివారం సెలవైతే లెక్కకు ముగ్గురికీ సెలవు దొరికినట్టే. కలిసి కూర్చునే పూట మాత్రం ఎవరికీ మిగలదు. సౌకర్యమంటే కౌంటర్‌కు ఇవతల నిలబడినవాళ్ల సౌకర్యమే అని కొత్త కుటుంబం లెక్క వేసుకున్నంతకాలం ప్రతి ఆదివారం తాళం కప్పే కనిపిస్తుంది. అవతల కూర్చున్న మనిషిని కూడా లెక్కలోకి తీసుకున్నాక శనివారం చీటీ రాసుకోవడం అంత బరువనిపించదు. కూర్చున్న మనిషి అని ఊరికే అనలేదు. జర్మన్ సూపర్‌మార్కెట్‌లో బిల్లు వేసేవాళ్లకు కుర్చీ ఉంటుంది. అమెరికాలో చాలాచోట్ల వాళ్లు నిలబడే పని చేస్తారు.

ఇదే పాఠం ఒక కంపెనీకి కుటుంబాలకంటే ఖరీదుగా అందింది. 1997లో జర్మనీలో అడుగుపెట్టిన వాల్‌మార్ట్ 2006లో తన 85 దుకాణాలనూ మెట్రో సంస్థకు అమ్మేసి వెళ్లిపోయింది. అల్డీ, లిడిల్ లాంటి చవక సూపర్‌మార్కెట్ల ధరల ముందు నిలవలేకపోవడమే అసలు కారణం, ఇందులో సందేహం లేదు. కానీ ఉద్యోగుల మధ్య ప్రేమ వ్యవహారాలను కట్టడి చేయబోయిన దాని ప్రవర్తనా నియమావళిని 2005లో కార్మిక న్యాయస్థానాలు తప్పుపట్టాయి. గుమ్మంలో నవ్వుతూ పలకరించే మనిషిని కొనుగోలుదారులు అనుమానంగా చూశారు. సంచిలో సామాను సర్దిపెట్టడాన్ని సేవగా కాక అతిచొరవగా తీసుకున్నారు. కొనేవాడి కోసం అమ్మేవాడి నవ్వునూ, వేళనూ, సొంత బతుకునూ సర్దుబాటు చేయవచ్చన్న నమ్మకం ఇంట్లో పనిచేసినంత బాగా బయట పనిచేయలేదు.

అభ్యంతరాలున్నాయి, చిన్నవి కావు. ఆదివారమే ఎందుకు, శుక్రవారం ప్రార్థనకు వెళ్లే తుర్కీ కుటుంబాలు ఆ దేశంలో లక్షల్లో ఉన్నాయి కదా అనవచ్చు. నిజమే. ఉమ్మడి రోజు ఏదైనా ఎవరో ఒకరికి అమరదు. ఇది లౌకిక ప్రయోజనమేనన్న వారెన్ సమాధానం నాకు సగమే తృప్తినిస్తుంది, అంతకంటే మెరుగైనది తట్టడం లేదు. నర్సులు, వెయిటర్లు, రైలు డ్రైవర్లు ఆదివారం పనిచేయడం లేదా అన్నది ఇంకొకటి. చేస్తున్నారు. ఆపలేని పనులకూ ఆపగలిగిన పనులకూ మధ్య గీత ఎక్కడో గీయాలి. చొక్కా కొనడం ఆపగలిగిన వైపే పడుతుందని నా అభిప్రాయం.

అసలు బలమైన అభ్యంతరం ఆడవాళ్లది. ఆరున్నరకు మూసే దుకాణం, మధ్యాహ్నానికల్లా పిల్లల్ని ఇంటికి పంపే ప్రాథమిక పాఠశాల రెండూ ఒకే మనిషిని నమ్ముకుని నడిచాయి: ఇంట్లో ఉండే భార్యను. పశ్చిమ జర్మనీలో ఈ ఏర్పాటు తల్లులను తరతరాలుగా పార్ట్‌టైమ్ ఉద్యోగాలకు పరిమితం చేసింది. కూతురి బడి పదకొండున్నరకే వదిలేస్తారని విని నివ్వెరపోయే అమెరికన్ ఉద్యోగినికి సర్దుకోమని చెప్పే నోరు నాకు లేదు. ఆదివారపు మూత బరువు ఇంటిల్లిపాది మీదా ఎంతో కొంత పడుతుంది. మధ్యాహ్నపు బడి బరువు మాత్రం దాదాపు మొత్తం ఒక్కరి నెత్తినే పడుతుంది. అందుకే ఈ రెండింటినీ జర్మన్ జీవితం అనే ఒకే మూటగా ఒప్పుకోవాల్సిన పని లేదు. జర్మనీ కూడా ఒప్పుకోవడం లేదు. 2026 ఆగస్టు నుంచి ఒకటో తరగతిలో చేరే పిల్లలకు రోజుకు ఎనిమిది గంటల సంరక్షణను చట్టబద్ధమైన హక్కు చేసింది. ఏడాదికో తరగతి చొప్పున 2029 నాటికి నాలుగో తరగతి దాకా దాన్ని విస్తరిస్తోంది. ఆదివారం తాళాల జోలికి మాత్రం పోలేదు.