రెడ్ పడితే సరిపోదు

గోపన్‌పల్లిలో ఈ మధ్య లేచిన అపార్ట్‌మెంట్లలో క్లబ్‌హౌస్ లేనిది అరుదు. క్యారమ్ బోర్డు లేని క్లబ్‌హౌస్ ఇంకా అరుదు. స్విమ్మింగ్ పూల్‌కీ జిమ్‌కీ బ్రోచర్‌లో రంగుల ఫొటోలుంటాయి. పాపం, బోర్డుకి ఉండదు. టీటీ టేబుల్ పక్కన, కిటికీ గాలికి పౌడరంతా ఎగిరిపోయే చోట, ఒక కాలు ఊగే స్టాండు మీద పడి ఉంటుంది. తెల్ల కాయిన్లు ఎనిమిదే మిగిలుంటాయి. పిల్లలు సగం డబ్బా పౌడర్ ఒంపి, అరచేత్తో రుద్ది, ఎంత గట్టిగా కొడితే అంత గొప్ప అనుకుంటారు. ఆఫీసు నుంచి వచ్చి ఓ చేయి వేసే నాన్నలదీ అదే ధోరణి. ఈ ఆటకి ఏటా జాతీయ చాంపియన్‌షిప్ జరుగుతుందనీ, అక్కడ పైకి తేలినవాళ్లే భారత జట్టుగా ప్రపంచ పోటీలకు వెళ్తారనీ చెబితే నమ్మేవాళ్లు తక్కువ. ఆ దారిన వెళ్లి ప్రపంచ విజేత అయినవాళ్లు మన హైదరాబాద్‌లోనే ఉన్నారంటే మరీ తక్కువ.

వాళ్లలో ఒకరు ఎస్. అపూర్వ. ఎల్ఐసీ ఉద్యోగి. 2018లో దక్షిణ కొరియాలోని చున్‌చియాన్‌లో జరిగిన క్యారమ్ ప్రపంచ కప్‌లో మహిళల సింగిల్స్ గెలిచారు. అదే పోటీల్లో పురుషుల సింగిల్స్ ముంబై ఆటగాడు ప్రశాంత్ మోరేకి దక్కింది. ఆ వార్త ఎందరు చదివారో గానీ, బ్యాడ్మింటన్‌లో ఆ స్థాయి గెలుపు వచ్చుంటే గచ్చిబౌలి నుంచి ఓపెన్ టాప్ జీపు బయల్దేరేది.

ఇంతకీ అసలు బోర్డు ఎలా ఉండాలి? ఆడే చోటు లోపలి కొలత 74 సెంటీమీటర్ల చదరం. పాకెట్ వెడల్పు నాలుగున్నర సెంటీమీటర్లకు కాస్త తక్కువ. కాయిన్ వెడల్పు మూడు సెంటీమీటర్ల పైచిలుకు, బరువు అయిదు, అయిదున్నర గ్రాముల మధ్య. స్ట్రైకర్ 15 గ్రాములు మించకూడదు, వెడల్పు 4.13 సెంటీమీటర్లు దాటకూడదు. అంటే పాకెట్‌కీ స్ట్రైకర్‌కీ మధ్య తేడా మూడు మిల్లీమీటర్లే. అయినా అది ఎంత తేలిగ్గా పాకెట్లోకి జారిపోతుందో ఆడినవాళ్లకి తెలుసు. నున్నదనానికీ ఓ పరీక్ష ఉంది. బేస్ లైన్ నుంచి బలమంతా పెట్టి కొట్టిన స్ట్రైకర్ బోర్డుని అటూ ఇటూ మూడున్నర సార్లు దాటాలి. ఆ పరీక్ష మన క్లబ్‌హౌస్ బోర్డుకి పెడితే రెండోసారికే స్ట్రైకర్ నీరసించి ఆగుతుంది. నేరం ప్లైవుడ్‌ది కాదు, పౌడర్‌ది. బోరిక్ పౌడర్ పలచగా, కనీకనపడనట్టు ఉండాలి. ఎక్కువైతే కాయిన్ ముందు చిన్న గట్టు కట్టి దారి తప్పిస్తుంది. మంచి ఆటగాళ్లు బోర్డుని ముందు గుడ్డతో శుభ్రంగా తుడిచి, తర్వాతే చిటికెడు చల్లుతారు.

కూర్చోవడానికీ నియమాలున్నాయి. కుర్చీలోంచి లేవకూడదు, కుర్చీ జరపకూడదు. మూలల్లో గీసిన బాణం గీతలుంటాయి కదా, వాటిని ఊహలో బోర్డు బయటికి పొడిగిస్తే వచ్చే హద్దు దాటి మోచెయ్యి పోకూడదు. స్ట్రైకర్ బేస్ లైన్ రెండు గీతల్నీ తాకాలి. చివరనున్న ఎర్ర వృత్తాన్ని పూర్తిగా కప్పాలి, లేదా అసలు తాకకూడదు. సగం సగం కుదరదు. వంతు వచ్చాక పదిహేను సెకన్లలో కొట్టాలి. ఇంట్లో లేచి నిలబడి, బోర్డు మీదికి వంగి, ఒక కన్ను మూసి గురిచూసే మన బాబాయిలంతా ఇక్కడ మొదటి అయిదు నిమిషాల్లోనే ఫౌలైపోతారు.

వేళ్ల సంగతి. చూపుడు వేలితో కొట్టేవాళ్లున్నారు, మధ్య వేలితో కొట్టేవాళ్లున్నారు. రెండు వేళ్లూ ఒకదాని మీద ఒకటి పెట్టి, పై వేలిని జారవిడిచి కొట్టే కత్తెర పద్ధతి ఇంకొకటి. వెనకనున్న కాయిన్లకి బొటనవేలు. చాలామంది థంబ్ షాట్ తొండి అనుకుంటారు గానీ, అంతర్జాతీయ నియమాలు ఒప్పుకున్నదే. ఏ వేలైనా సూత్రం ఒకటే, నెట్టకూడదు, మీటాలి. వేలు స్ట్రైకర్‌కి ముందే దాదాపు ఆనుకుని ఉంటుంది. దూరం నుంచి ఠప్పుమని కొట్టినవాడికి బలం వస్తుంది గానీ గురి రాదు. గోరు నొప్పి పుడుతోందంటే పద్ధతి తప్పన్నమాట.

ఇక ఈ ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన లెక్క ఒకటుంది. స్ట్రైకర్ బరువు కాయిన్‌కి దాదాపు మూడింతలు. బిలియర్డ్స్ బంతులన్నీ ఒకే బరువు కాబట్టి, సూటిగా తగిలితే కొట్టిన బంతి ఉన్నచోటే ఆగిపోగలదు. క్యారమ్‌లో అది కుదరదు. సూటిగా తగిలాక కూడా స్ట్రైకర్ తన వేగంలో ఇంచుమించు సగం మిగుల్చుకుని కాయిన్ వెనకాలే పోతుంది. పాకెట్ ముందున్న కాయిన్‌ని ఎదురుగా బాదితే కాయిన్‌తో పాటు స్ట్రైకర్ కూడా పడి ఫౌలయ్యేది ఇందుకే. కట్ చేసినా ఇదే తంతు. కాయిన్ పక్కకి ఎంత కోణంలో విసురుగా పోయినా, స్ట్రైకర్ దారి మాత్రం మొదటి దెబ్బకి సుమారు 20 డిగ్రీలకు మించి మళ్లదు. బరువుల నిష్పత్తి వేసిన గీత అది, ఎంత చెయ్యి తిరిగినవాడైనా దాటలేడు. కాబట్టి స్ట్రైకర్ చివరికి ఎక్కడ తేలుతుందన్నది బేస్ లైన్ మీద దాన్ని ఎక్కడ పెట్టామన్న దాని మీదే చాలావరకు ఆధారపడుతుంది. పెద్ద ఆటగాళ్లు కొట్టేముందు స్ట్రైకర్‌ని అటు అరంగుళం, ఇటు అరంగుళం జరుపుతుంటే మనకి తాత్సారంలా కనిపిస్తుంది. నిజానికి ఆట అక్కడే జరుగుతోంది.

మరి స్ట్రైకర్ ఎక్కడ ఆగితే ఏం, మళ్లీ చేత్తో తీసి పెట్టుకునేదే కదా అని అడగొచ్చు. ఆగే చోటుతో పని లేదు, పోయే దారితో ఉంది. ఆ మిగిలిన సగం వేగంతో అది గుంపులోకి దూసుకెళ్లి మన కాయిన్లని విడగొట్టాలా, లేక ఎవరినీ కదిలించకుండా గోడకి తగిలి సద్దుమణగాలా? ఒకే దెబ్బలో కాయిన్ వెయ్యడం మొదటి పని, తర్వాతి కాయిన్‌కి దారి చెయ్యడం రెండో పని. రెండోది రానివాడు మూడు కాయిన్లు వేసి నాలుగోదాని దగ్గర ఇరుక్కుంటాడు.

ఇంట్లో మనం నలుపుకి పది, తెలుపుకి ఇరవై, రెడ్‌కి యాభై అని లెక్కపెట్టుకుని ఏది దొరికితే అది వేస్తాం. పోటీల్లో ఎవరి రంగు వాళ్లదే. తొమ్మిదీ ముందుగా వేసినవాళ్లది బోర్డు. అవతలివాళ్లవి ఎన్ని మిగిలితే అన్ని పాయింట్లు, రెడ్ కూడా మనదైతే మరో మూడు. అంటే ఒక బోర్డులో రాగలిగింది మహా అయితే 12. ముందుగా 25 చేరినవాళ్లదో, ఎనిమిది బోర్డులయ్యాక పైన ఉన్నవాళ్లదో గేమ్. మూడు గేముల్లో రెండు గెలిస్తే మ్యాచ్. స్కోరు 22కి చేరాక రెడ్‌కి పాయింట్లు రావు. ముందున్నవాడికి రెడ్ మోజు పోయి, వెనకబడ్డవాడికి అదే ప్రాణమవుతుంది. అదే బోర్డు, అవే కాయిన్లు, స్కోరు మారితే ఆట వేరు.

రెడ్ వెయ్యాలంటే ముందు మన కాయిన్ ఒక్కటైనా పడి ఉండాలి. రెడ్ పడగానే ఫాలో, అంటే మన కాయిన్ ఇంకొకటి, పడాలి, లేదంటే రెడ్ మళ్లీ నడిమధ్యకి వస్తుంది. ఇదంతా పిల్లలకీ తెలుసు. తెలియనిది, ఏ కాయిన్‌ని ఫాలోకి దాచుకోవాలన్నది. పాకెట్ అంచున పండులా ఉన్న కాయిన్‌ని ముందే వేసుకోవడం గల్లీ ఆటగాడి తొందర. తెలిసినవాడు దాన్ని అక్కడే వదిలేస్తాడు. దానివల్ల రెండు లాభాలు. రెడ్‌కి ఫాలో సిద్ధంగా ఉంటుంది, ఆ పాకెట్లోకి అవతలివాడి కాయిన్లు పోకుండా అడ్డమూ ఉంటుంది. వాడు ఆ అడ్డం తొలగించాలంటే మన కాయిన్‌ని తానే వెయ్యాల్సిన పరిస్థితి. బోర్డు మొదట్లోనే చివరి కాయిన్ ఏదో ఎంచుకోవడం అంటే ఇదే. బ్రేక్ చేసిన చేత్తోనే తొమ్మిదీ, రెడ్డూ వేసేస్తే వైట్ స్లామ్. రెండో ఆటగాడు తన మొదటి వంతులోనే ఊడ్చేస్తే బ్లాక్ స్లామ్. పెద్ద పోటీల్లో ఇవి చూడొచ్చు. అప్పుడు ఎదురుగా కూర్చున్న మనిషికి చేతులు కట్టుకోవడం తప్ప పని ఉండదు.

ఈ ఆట నియమాలన్నీ ఒక తాటి మీదికి రావడానికి చాలాకాలం పట్టింది. అఖిల భారత క్యారమ్ ఫెడరేషన్ 1956లో ఏర్పడింది. అంతర్జాతీయ ఫెడరేషన్ 1988లో చెన్నైలో పుట్టింది. దాన్ని నిలబెట్టడంలో బి. బంగారుబాబుది పెద్ద చెయ్యి. చెన్నై ఆటగాడు మరియా ఇరుదయం జాతీయ టైటిళ్లు తొమ్మిది గెలిచి, ప్రపంచ చాంపియనై, 1996లో అర్జున అవార్డు అందుకున్నారు. చెన్నై నుంచే వచ్చిన ఎం. ఖాజిమా, ఆటోడ్రైవర్ కూతురు, 2024లో అమెరికాలో జరిగిన ప్రపంచ కప్‌లో మూడు స్వర్ణాలు గెలిస్తే తమిళనాడు ప్రభుత్వం కోటి రూపాయలు ఇచ్చింది.

జిల్లా, రాష్ట్రం, జాతీయం, ఇదీ మెట్ల వరస. జాతీయ పోటీల్లో ఒక తమాషా ఉంది. రాష్ట్రాల జట్లతో పాటు ఎల్ఐసీ, రిజర్వ్ బ్యాంక్, పెట్రోలియం సంస్థల బోర్డు వంటివి కూడా సొంత జట్లు దించుతాయి, చాలాసార్లు రాష్ట్రాల్ని ఓడిస్తాయి. క్యారమ్‌ని బతికించింది స్పాన్సర్లు కాదు, స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలు. నెల జీతం, సాయంత్రం ప్రాక్టీసుకి వెసులుబాటు, టోర్నీకి స్పెషల్ లీవు. ఈ మూడూ ఉంటే చాలు, ఈ ఆటకి ఇంకేం ఖర్చు లేదు. లింగంపల్లి దాటితే కనిపించే బీహెచ్ఈఎల్ వంటి టౌన్‌షిప్‌ల కాలంలో పెద్ద కంపెనీ అంటే దానికో ఆటల క్లబ్బు, ఆ క్లబ్బులో ఓ క్యారమ్ గది. ఇవాళ అదే రోడ్డు మీద అంతకు ఎన్నో రెట్లు డబ్బున్న ఆఫీసులున్నాయి. ప్రతి అంతస్తులోనూ బోర్డుంది, ఏటా ఇంటర్ టీమ్ టోర్నమెంట్ ఉంది, గెలిచినవాళ్లకి గిఫ్ట్ వోచరుంది. క్యారమ్ ఆడుతుందని ఒక మనిషికి ఉద్యోగమిచ్చిన కంపెనీని మాత్రం నేనింకా చూడలేదు. ఆటని స్ట్రెస్ తగ్గించే మందుగా చూసేచోట ఆటగాళ్లు తయారవరు. నాకు ఇది అన్యాయంగానే తోస్తుంది.

జాతీయ పోటీకి ఒక దేశం ఎంత విలువ ఇవ్వొచ్చో చూడాలంటే కెనడా వైపు చూడాలి. మనవాళ్లు ఎంతోమంది అక్కడున్నారు కనుక కర్లింగ్ పేరు కొత్తది కాదు. సుమారు 20 కిలోల గ్రానైట్ రాయిని మంచు మీద జార్చి, దూరాన గీసిన వృత్తాల మధ్యలో ఆపే ఆట. మనం పౌడర్ చల్లినట్టే వాళ్లు మంచు మీద నీటి తుంపర్లు చల్లి గడ్డకట్టిస్తారు. ఆ బొడిపెల మీదే రాయి సాగుతుంది. దారిలో చీపుళ్ల లాంటి బ్రష్‌లతో రుద్ది దాని పరుగు పెంచుతారు. ముందు ఒక రాయిని అడ్డం పెట్టి దాని చాటున ఇంకొకటి దాచడం, చివరి రాయి ఎవరి చేతిలో ఉందో చూసుకుని ఆడటం, క్యారమ్ తెలిసినవాళ్లకి చెప్పకుండానే అర్థమవుతాయి. అక్కడి పురుషుల జాతీయ పోటీ బ్రియర్ 1927 నుంచి ఉంది. రాష్ట్రాల వంటి ప్రావిన్సుల జట్లు వస్తాయి. గెలిచిన జట్టు గెలిచినట్టే ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కెనడా అవుతుంది. నిన్నటిదాకా కలిసి ఆడిన నలుగురు దేశానికి జట్టైపోతారు. సెలక్టర్లు కూర్చుని అటొకడినీ ఇటొకడినీ ఏరేది ఉండదు.

మన క్యారమ్‌లో ఎంపిక మనిషి మనిషికీ జరుగుతుంది. జాతీయ పోటీల్లో పై స్థానాల్లో నిలిచినవాళ్లలోంచి జట్టు కడతారు. దాంతో రిజర్వ్ బ్యాంక్ మనిషి, ఎల్ఐసీ మనిషి, ఏదో రాష్ట్రం నుంచి వచ్చిన కుర్రాడు ఒకే జట్టవుతారు. నిన్న ఫైనల్లో ఒకరి కాయిన్లకి ఒకరు అడ్డం పెట్టుకున్నవాళ్లు ప్రపంచ పోటీ డబుల్స్‌లో భాగస్వాములుగా ఎదురెదురు కూర్చుంటారు. వంతు కుడివైపుకి తిరుగుతుంది గనుక ఇద్దరి మధ్యా ప్రతిసారీ ఒక ప్రత్యర్థి ఆడతాడు. మధ్యలో ఏది కొట్టమని, ఏది వదలమని చెప్పుకోవడానికి లేదు. ఆటగాడి బేస్ లైన్ దగ్గరికి వచ్చిన కాయిన్ అతనికి తేలిగ్గా అందదు, ఎదురుగా కూర్చున్న భాగస్వామికి మాత్రం సూటిగా ఉంటుంది. దాన్ని వాడికి వదిలి, తాను అవతలి గోడకి ఆనుకున్నదాన్ని ఎంచుకోవాలి. పంతం అంత తొందరగా పోదు కాబట్టి, సింగిల్స్‌లో మేటి అయినవాళ్లు డబుల్స్‌లో ఓడటం ఈ ఆటలో మామూలే. అందుకే క్యాంపుల్లో జంటల్ని మార్చి మార్చి కూర్చోబెట్టి, ఎవరు ఎవరి కాయిన్లని చూడగలుగుతున్నారో తేల్చుకున్నాకే పేర్లు ఖాయం చెయ్యాలంటాను.