వాగ్దానం పెద్దది, పరిహారం చిన్నది: టెరిటోరియల్ ఆర్మీ చట్టం 7-ఎ సెక్షన్‌పై విమర్శనాత్మక పరిశీలన

5.1 పరిచయం

ఒక చట్టాన్ని చదివేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలని గత భాగంలో చెప్పుకున్నాం. ఈ చట్టం ఏ హక్కు ఇస్తోంది? ఆ హక్కును ఉల్లంఘించినవారికి ఏమవుతుంది? ఈ రెండు ప్రశ్నలతో ఇప్పుడు టెరిటోరియల్ ఆర్మీ చట్టం, 1948లోని 7-ఎ సెక్షన్‌ను పరిశీలిద్దాం.

ముందుగా ఒక పదం విషయంలో జాగ్రత్త పడండి. 'రిజర్విస్టు' అనగానే చాలామంది విద్యార్థులు మాజీ సైనికుల రిజర్వేషన్ గురించి రాస్తారు. ఆ రెండూ వేరు. మామూలు రోజుల్లో పౌర ఉద్యోగం చేసుకుంటూ, పిలుపు వచ్చినప్పుడు యూనిఫాం వేసుకునే వ్యక్తి గురించి మనం ఇక్కడ మాట్లాడుకుంటున్నాం. మన దేశంలో ఈ ఏర్పాటుకు ప్రధాన రూపం టెరిటోరియల్ ఆర్మీ. 1949 అక్టోబర్ 9న సి.రాజగోపాలాచారి దీన్ని ప్రారంభించారు. జీవనోపాధి ఇప్పటికే ఉన్న పౌరులు తమ సమయంలో కొంత దేశ రక్షణకు ఇవ్వాలన్నది దీని మూల భావన. అంటే ఈ వ్యవస్థకు పునాది పౌర ఉద్యోగమే. పునాది కదిలితే పైకట్టడం నిలవదు. 7-ఎ సెక్షన్‌ ప్రాముఖ్యం అక్కడే ఉంది.

5.2 సెక్షన్ ఏం చెబుతోంది?

సెక్షన్ సంఖ్యను గమనించండి. 7 తర్వాత 8 రావాలి. మధ్యలో 'ఎ' అనే అక్షరం ఉందంటే ఈ నిబంధనను తర్వాత చేర్చారని అర్థం. సైనిక సేవ చేసే బాధ్యతను 7వ సెక్షన్ మొదట విధించింది. సేవకు వెళ్లినవారి ఉద్యోగం సంగతి ఆ తర్వాత ఆలోచనకు వచ్చింది.

7-ఎ సారాంశం ఇది. సైనిక సేవ ముగించుకుని వచ్చిన వ్యక్తిని యజమాని తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలి. సేవ వల్ల ఉద్యోగానికి అంతరాయం కలగకపోయి ఉంటే అతనికి ఏ పరిస్థితులు వర్తించేవో, వాటికి తగ్గని పరిస్థితుల్లో తీసుకోవాలి. యజమాని నిరాకరించినా, సాధ్యం కాదన్నా, ఇద్దరిలో ఎవరైనా నిర్ణీత అధికారి ముందుకు వెళ్లవచ్చు. ఆ అధికారి మూడింటిలో ఒక ఉత్తర్వు ఇస్తారు: యజమానికి మినహాయింపు ఇవ్వడం, తగిన షరతులతో ఉద్యోగం ఇవ్వమనడం, లేదా గరిష్ఠంగా ఆరు నెలల వేతనానికి సమానమైన పరిహారం చెల్లించమనడం. ఉత్తర్వును పాటించని యజమానికి వెయ్యి రూపాయల వరకు జరిమానా ఉంటుంది. ఉద్యోగి కూడా సేవ ముగిసిన రెండు నెలల్లోగా దరఖాస్తు చేసుకోవాలి. దీని పక్కనే ఉన్న 7-బి సెక్షన్ ప్రావిడెంట్ ఫండ్ వంటి ప్రయోజనాలను సేవాకాలంలో కాపాడుతుంది.

5.3 బలమైన అంశాలు

'అంతరాయం కలగకపోయి ఉంటే' అన్న మాట చిన్నదే కానీ విలువైనది. వదిలి వెళ్లిన రోజున ఉన్న స్థానాన్ని కాక, కొనసాగి ఉంటే చేరుకునే స్థానాన్ని ఇది కొలబద్దగా తీసుకుంటుంది. అమెరికా సుప్రీంకోర్టు 1946లో ఫిష్‌గోల్డ్ కేసులో ఇదే భావాన్ని ఎస్కలేటర్‌తో పోల్చింది. మనిషి లేకపోయినా మెట్లు కదులుతూనే ఉంటాయి. తిరిగి వచ్చిన సైనికుడు అప్పటికి ఆ మెట్టు చేరిన చోటే అడుగు పెట్టాలి.

రెండో బలం రుజువు భారానికి సంబంధించింది. సేవకు పిలుస్తూ ఉత్తర్వులు వెలువడ్డాక యజమాని ఉద్యోగిని తొలగిస్తే, బాధ్యత తప్పించుకోవడానికే అలా చేశాడని చట్టం ముందుగానే భావిస్తుంది. కాదని నిరూపించాల్సింది యజమానే. ఉద్యోగం పోయిన వ్యక్తి యజమాని మనసులోని ఉద్దేశాన్ని నిరూపించడం ఎంత కష్టమో ఆలోచిస్తే ఈ ఏర్పాటు విలువ తెలుస్తుంది.

5.4 లోపాలు

ఇక్కడ మన రెండో ప్రశ్న వేసుకుందాం. నెలకు 20,000 రూపాయల జీతగాడు సేవ నుంచి తిరిగి వచ్చాడనుకోండి. యజమాని మళ్లీ తీసుకోలేదు, అధికారి పరిహారం వైపు మొగ్గారు. అతనికి దక్కే గరిష్ఠ మొత్తం 1,20,000 రూపాయలు. అతను దూరంగా ఉన్నది ఎంతకాలం? 2025 మేలో కేంద్ర ప్రభుత్వం టెరిటోరియల్ ఆర్మీ సభ్యులను పిలిచే అధికారాన్ని సైన్యాధిపతికి ఇస్తూ జారీ చేసిన ఉత్తర్వు 2028 ఫిబ్రవరి 9 వరకు, మూడేళ్ల కాలానికి వర్తిస్తుంది. పిలుపు ఏళ్ల తరబడి సాగవచ్చు, పరిహారం మాత్రం ఆరు నెలల దగ్గర ఆగిపోతుంది. ఎస్కలేటర్‌ను వాగ్దానం చేసిన సెక్షనే దానికి ఇంత తక్కువ వెల కట్టింది.

జరిమానాను చూడండి. 'ఆరు నెలల వేతనం' అన్న కొలత జీతాలతో పాటు పెరుగుతుంది. 'వెయ్యి రూపాయలు' అన్న కొలత రాసిన చోటే ఉండిపోతుంది. ఒకే సెక్షన్‌లో ఒక కొలత కాలంతో నడుస్తుంటే ఇంకొకటి నిలబడిపోయింది.

మూడో లోపం మౌనం. రిజర్విస్టు అన్న కారణంతో అసలు ఉద్యోగమే ఇవ్వకపోతే ఏమిటి? తిరిగి తీసుకున్న నెలకే తీసేస్తే ఏమిటి? 7-ఎ ఈ ప్రశ్నలకు జవాబు చెప్పదు. అమెరికాలో 1994లో వచ్చిన 'యుసెరా' చట్టం రెండింటికీ జవాబిస్తుంది. నియామకంలోనే వివక్షను నిషేధిస్తుంది. 180 రోజులకు మించి సేవ చేసి వచ్చినవారిని ఏడాది పాటు సరైన కారణం లేకుండా తొలగించకూడదంటుంది.

5.5 యజమాని వైపు నుంచి

విమర్శ ఏకపక్షం కాకూడదు. నలుగురు పనిచేసే చిన్న వర్క్‌షాపులో ఒకరు ఏడాది లేకపోతే, పెద్ద కంపెనీకి లేని ఇబ్బంది ఆ యజమానికి వస్తుంది. మినహాయింపు ఇచ్చే అధికారాన్ని చట్టం అందుకే ఉంచి ఉండాలి. అయితే ఏ ప్రాతిపదికన మినహాయింపు ఇవ్వాలో సెక్షన్ స్పష్టంగా చెప్పలేదు. పైగా యజమాని భారాన్ని తగ్గించడానికి ఉద్యోగి హక్కును తగ్గించింది. బ్రిటన్‌ మరో దారి పట్టింది. రిజర్విస్టు స్థానంలో మరొకరిని పెట్టుకునే అదనపు ఖర్చులో యజమానికి ప్రభుత్వమే సాయం చేస్తుంది. చిన్న, మధ్యతరహా సంస్థలకు నెలకు 500 పౌండ్ల వరకు అదనపు చెల్లింపును 2014 సంస్కరణలు చేర్చాయి. దేశ రక్షణ అందరి అవసరం కనుక దాని ఖర్చును ఒక్క ఉద్యోగి మీదో, ఒక్క యజమాని మీదో వేయడం న్యాయం కాదన్న ఆలోచన ఇందులో కనిపిస్తుంది.

5.6 ముగింపు

7-ఎ పనికిరాని సెక్షన్ కాదు. దాని ఆశయం ఉన్నతమైనది, రుజువు భారంపై దాని నియమం మంచిది. లోపం ఆశయానికీ అమలుకూ మధ్య ఉన్న దూరంలో ఉంది. సేవాకాలంతో ముడిపడిన పరిహారం, నేటి విలువకు తగిన జరిమానా, మినహాయింపుకు స్పష్టమైన ప్రమాణాలు, చిన్న యజమానికి ప్రభుత్వ సాయం: ఈ నాలుగూ చేరితే ఆ దూరం చాలావరకు తగ్గుతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. 'అంతరాయం కలగకపోయి ఉంటే' అన్న మాటకు ఉన్న ప్రాముఖ్యాన్ని వివరించండి.
2. ఆరుగురు ఉద్యోగులున్న దుకాణం యజమాని మినహాయింపు కోరాడు. నిర్ణీత అధికారి స్థానంలో మీరుంటే ఏయే విషయాలు పరిశీలిస్తారు? కారణాలతో రాయండి.