ఫ్లోరెన్స్ లారెన్స్ : తుదినుండి చదువబడిన జీవితము

చలనచిత్ర చరిత్రలను వ్రాయువారు ఫ్లోరెన్స్ లారెన్స్ పేరును సాధారణముగా రెండు తావులందే తలచుదురు. మొదటిది 1910లో ఆమె మరణించినదని పుట్టిన అబద్ధపు వార్త. రెండవది 1938లో ఆమె నిజముగానే ప్రాణము తీసికొన్న సంగతి. ఆమె నటించిన చిత్రములు దాదాపు మూడువందలు. వానికి మాత్రము ఆ గ్రంథములలో లభించిన చోటు స్వల్పము. నటి జీవితమును ఆమె మరణమునుండి వెనుకకు చదువు అలవాటు ఎట్టి నష్టమును కలిగించునో చూపుటకు ఇంతకంటె తగిన ఉదాహరణము దొరకుట అరుదు.

ఆమె అసలు పేరు ఫ్లోరెన్స్ ఆనీ బ్రిడ్జ్‌వుడ్. 1886 జనవరి 2న కెనడాలోని ఒంటారియో రాష్ట్రమున హామిల్టన్ పట్టణములో జన్మించినది. తల్లి షార్లట్, లోటా లారెన్స్ అను పేరుతో నాటకసమాజమును నడపినది. ఆ రంగస్థలనామమే కుమార్తెకు ఇంటిపేరైనది. పసితనముననే ఈలపాటతో రంగమెక్కిన ఈ బాలిక 1907లో ఎడిసన్ సంస్థవారి 'డేనియల్ బూన్' చిత్రమున నటించి, కొంతకాలము వైటాగ్రాఫ్‌లో పనిచేసి, 1908లో బయోగ్రాఫ్ సంస్థలో చేరినది. అక్కడ దర్శకుడు డి. డబ్ల్యు. గ్రిఫిత్.

బయోగ్రాఫ్‌వారు నటీనటుల పేర్లను ప్రకటించువారు కారు. పేరు లోకమునకు తెలిసినచో జీతము హెచ్చించుమని అడుగుదురను భయము దీనికొక కారణమని చెప్పుదురు. ప్రేక్షకులు మాత్రము ముఖమును గుర్తుపట్టి, 'బయోగ్రాఫ్ అమ్మాయి' అని పిలుచుకొనసాగిరి. ఈ పిలుపు పుట్టిన కాలమును జ్ఞాపకముంచుకొనవలెను. ఏలయన తరువాతి కథ దీనిని మరుగుపరచినది.

1909లో ఆమె బయోగ్రాఫ్‌ను వీడి కార్ల్ లెమ్లీ స్థాపించిన ఐ.ఎం.పి. సంస్థకు వచ్చినది. 1910 ఫిబ్రవరిలో సెయింట్ లూయిస్ నగరమున ఆమె ట్రాముబండి ప్రమాదములో మరణించినదని వదంతి పుట్టినది. మార్చిలో లెమ్లీ సంస్థవారు అది తమ విరోధుల కల్పన అనియు, నటి క్షేమముగా నున్నదనియు పత్రికలో ప్రకటించిరి. పిమ్మట ఆమె స్వయముగా ఆ నగరమునకు వెళ్లగా జనము గుమిగూడిరి. వదంతిని పుట్టించినవాడు లెమ్లీయే యని పలువురి అభిప్రాయము. అందువలన తొలి సినిమాతార వ్యాపారి పన్నిన యుక్తివలన పుట్టినదని వ్రాయుట ఆచారమైనది. ఈ నిర్ణయము నిలువదు. ఎవ్వరును ఎరుగని నటి చనిపోయినదన్న వార్తకు కలతపడువారుందురా? ఆ అబద్ధము పనిచేసినదనగా, అంతకు ముందే ఆమె ప్రజల మనస్సులలో నెలకొన్నదని అర్థము. పేరును లెమ్లీ ప్రచారము చేసెను గాని, ఆదరమును సంపాదించినది ఆమె నటన.

ఆ నటనను నేటికిని పరిశీలింప వీలున్నది. హక్కుల రక్షణకై బయోగ్రాఫ్‌వారు తమ చిత్రములను కాగితముపై ముద్రించి వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో దాఖలుచేసిరి. ఫిల్ము నశించినను కాగితము నిలిచినది. 1908లో షేక్స్పియర్ గయ్యాళి కేథరీనా. 1909లో టాల్‌స్టాయ్ 'రిసరెక్షన్'లోని కత్యూషా. జాన్ కంప్సన్‌తో నటించిన జోన్స్ దంపతుల హాస్యచిత్రములలో గృహిణి. ఇంతటి భిన్నపాత్రములు ఒక్క ఏడాదిలో! 'లేడీ హెలెన్స్ ఎస్కపేడ్' అను చిత్రమున విసుగెత్తిన ధనికస్త్రీ వేషము మార్చి ఒక బసలో పనిమనిషిగా చేరును. ఒకే దేహమున ప్రభుత్వమును దాస్యమును కనబడవలసిన పాత్రమిది. మూకచిత్రమున వాచికము లేదు. నాటి కెమెరా నటులను ఆపాదమస్తకము చూపుచు దూరముననే నిలుచుటచే కంటి కదలికకంటె నిలుచు తీరు, నడచు తీరు ముఖ్యములు. ఆంగికముతోనే సాత్త్వికమును సాధింపవలెను. నాటకసమాజపు బిడ్డకు ఆ విద్య పుట్టుకతో వచ్చినది.

మోటారుకారులన్న ఆమెకు మక్కువ. బండి మలుపును తెలుపు చేతిగుర్తును 1914 ప్రాంతమున కల్పించినది గాని దానికి పేటెంటు పొందలేదు. తల్లి 1917లో విద్యుత్తుతో అద్దము తుడుచు సాధనమునకు పేటెంటు పొందినది. విషాదకథకు ఉపయోగింపదు కాబోలు, ఈ సంగతి చాల పుస్తకములలో కనబడదు.

1912లో భర్త హారీ సోల్టర్‌తో విక్టర్ సంస్థను నెలకొల్పినది. తరువాత అనారోగ్యమువలన విరామము, 1916లో మరల ప్రయత్నము, 1920లో భర్త మరణము, 1929లో తల్లి మరణము. 1930ల నడుమ ఎం.జి.ఎం. సంస్థలో పేరు వేయని చిన్న వేషములు దొరకినవి. ఎముకల మజ్జకు సంబంధించిన వ్యాధి ఆమెను బాధించుచుండెను. 1938 డిసెంబరు 28న, 52వ యేట, ఆమె మరణించినది. మాటల చిత్రములు వచ్చి ఆమెను త్రోసివేసినవనియు, అందుచే అట్లయినదనియు తేలికగా వ్రాయుదురు. ఆమె ప్రాభవము తగ్గినది మాటల చిత్రములకు పదేండ్లకు పూర్వము. వ్యాధి, ఏకాకితనము, పని లేమి అన్నియు పెనవేసికొన్న దుఃఖమునకు ఒక్క కారణము చూపుట చరిత్ర కాదు, సౌకర్యము.

ఎనుబదియేండ్ల పిమ్మట మరొక కెనడా నటి విషయము దీనికి ప్రక్కన పెట్టి చూడదగినది. ఎల్లోనైఫ్‌లో 1948లో జన్మించిన మార్గో కిడర్ 2018 మే 13న మరణించినది. అది ఆత్మహత్య యని ఆగస్టులో గాని వెల్లడి కాలేదు. కావున మే మాసపు నివాళులన్నియు తుది తెలియకయే వ్రాయబడినవి. వానియందు 1978 నాటి 'సూపర్‌మాన్'లోని లోయిస్ లేన్ ముందు వరుసలో నిలిచినది. తన మనోవ్యాధిని గూర్చి ఆమె బహిరంగముగా మాటలాడిన సాహసమును ప్రస్తావింపబడినది. నిజము వెల్లడియైనప్పుడు దానిని దాచనక్కరలేకుండుట ఊరటయని కుమార్తె చెప్పినది. ఫ్లోరెన్స్‌ను గూర్చి అట్లు మాటలాడుటకు 1938లో ఎవ్వరును లేరు.

హాలీవుడ్ శ్మశానవాటికలో ఆమె సమాధికి ఐదు దశాబ్దములకు పైగా గుర్తు లేదు. 1991లో పేరు చెప్పుకొనని దాత యొకరు ఫలకము వేయించిరి. దానిపై ఆమె పేరు, బయోగ్రాఫ్ అమ్మాయి అను బిరుదు, తొలి సినిమాతార అను మాట చెక్కబడినవి. జన్మసంవత్సరము మాత్రము 1890 అని తప్పుగా పడినది.